గమనించడమైనది

నలభై ఏళ్ల కిందటి నా టైపు అక్షరాల్ని
ఎడిన్‌బరోలో ఒక లాయరు పైకి చదువుతున్నాడు.
"అంశం ఏడు. శ్రీమతి గెడ్డిస్ ఉత్తరం అందినది.
గమనించడమైనది."
కళ్లజోడు తీసి అడిగాడు:
"ఎవరు గమనించారు, మిస్ మక్‌ఫీ?"

జిల్లా ఈత సంఘానికి మినిట్స్ రాసేదాన్ని నేను.
నెలకో మంగళవారం, కొలను మీది గదిలో.
కిటికీ అద్దాలకి క్లోరిన్ చెమట పట్టేది.
ఎనిమిది మంది మగవాళ్లు, ఒక టీ కెటిల్,
ఓటు లేని నా రెండు చేతులు.

మినిట్స్‌లో కర్త కనపడకూడదని
టైపు స్కూల్లోనే నేర్పారు.
తీర్మానించడమైనది. వాయిదా వేయడమైనది.
తలుపు మూసిన చప్పుడు వినిపిస్తుంది,
గడియ మీది చెయ్యి కనిపించదు.
కర్త లేడు. క్రియ ఉంది.
కర్మ కూడా ఉంది. దానికి పదకొండేళ్లు.
వెల్లకిల ఈదేది. పేరు రోనా.

ఉత్తరం నీలి సిరాతో, రెండు పేజీలు.
ఆవిడ చేపలు పొగబెట్టే షెడ్డులో పనిచేసేది,
కాగితం కూడా ఆ వాసనే వేసింది.
పిల్ల ఈత సంచిని గుమ్మంలోనే వదిలేస్తోందని రాసింది.
తెల్లవారి ప్రాక్టీసు రోజుల్లో జ్వరం వస్తోందని,
థర్మామీటరులో మాత్రం రాదని.
కోచ్ కారు గురించి ఒక వాక్యం మొదలుపెట్టి
కొట్టేసింది.
మళ్లీ రాసింది.

అధ్యక్షుడు లోరిమర్ గారు దాన్ని సగానికి మడిచారు.
"పతకాలు తెస్తున్న మనిషి," అన్నారు ఎవరో.
"తల్లులు," అన్నారు ఇంకెవరో. అంతే, ఆ ఒక్క మాటే.
రెండు నిమిషాలు పట్టింది.
అంశం ఎనిమిది, కొత్త లేన్ తాళ్లు.
ఏ రంగు కొనాలన్నదానికి నలభై నిమిషాలు.

మరుసటి ఏడు అతను
ఉత్తరాన ఇంకో ఊరి క్లబ్బుకి వెళ్లాడు.
సిఫారసు లేఖ కూడా నేనే టైపు చేశాను.
"పిల్లలతో ఇట్టే కలిసిపోతారు."
ఒక్క తప్పు పడలేదు. కార్బన్ కాపీ కూడా
శుభ్రంగా వచ్చింది.

నీరు పల్లమెరుగు అంటారు.
ఆ కొలనుకి మూడడుగుల నుంచి తొమ్మిదడుగులకి పల్లం,
గోడ మీద అంకెలు కూడా వేసి ఉండేవి.
నిజం దేవుడెరుగు అని మాత్రం
నేను అనలేను.
నిజం ఎనిమిది మంది ఎరుగుదురు.
టీ పోస్తూ నేనూ ఎరుగుదును.

ఇప్పటి సమాఖ్య తరఫున ఒక కుర్రాడు వచ్చాడు,
కోటుకి వెండి డాల్ఫిన్ గుచ్చుకుని.
ఆనాటి కమిటీ రద్దయిందన్నాడు.
బాధ్యత బదిలీ కాలేదన్నాడు.
ఆస్తులు? అని అడిగారు.
ఆస్తులు బదిలీ అయ్యాయట. కప్పులు, షీల్డులు,
గోడ గడియారం.
"జరిగినదానికి చింతించడమైనది" అని చదివాడు.
నా వ్యాకరణమే. వారసత్వంగా అదీ అందినట్టుంది.

లాయరు ఇంకా నిలబడే ఉన్నాడు.
"లోరిమర్ మడిచాడు," అన్నాను.
"పతకాల మాట అన్నది కోశాధికారి హెండ్రీ.
మిగతావాళ్లు కప్పుల్లోకి చూసుకున్నారు, వాళ్ల పేర్లు చెబుతాను.
ఫైల్లో పెట్టి దారం కట్టింది నేను."
స్టెనో గబగబా రాసుకుంటోంది.
ఆ అమ్మాయికి చెప్పాలనిపించింది:
కర్తని వదలకమ్మా.

విరామంలో రోనా నా దగ్గరికొచ్చింది.
యాభై దాటింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది.
వాళ్లమ్మ రాత ఉన్న ఆ ఉత్తరం
తనకి ఇస్తారా అని అడిగింది.
సాక్ష్యం కదా, ఇప్పుడే ఇవ్వరేమో అన్నాను.
తల ఊపింది. వెళ్లబోతూ ఆగింది.

"ఆ తాళ్లు," అంది,
"చివరికి ఏ రంగు కొన్నారు?"

నీలం, తెలుపు.
ఒక్క క్షణం కూడా
తడుముకోవాల్సిన పని లేకపోయింది నాకు.